డివైస్ ట్రీలో పార్టిషన్లు రాస్తే మైలపడిపోతుందా?

"డివైస్ ట్రీ హార్డ్‌వేరు వివరాలకి మాత్రమే. ఫ్లాష్ పార్టిషన్లు హార్డ్‌వేరు కాదు, మనం చేసుకునే ఏర్పాటు. కాబట్టి అందులో రాయకూడదు." ఎంబెడెడ్ లైనక్స్‌లో కాస్త తల నెరిసిన ఎవర్ని కదిపినా ఈ శ్లోకం అప్పజెప్తారు. వినడానికి బానే ఉంటుంది. పాటించడం మొదలెడితేనే కొంప మునుగుతుంది.

ఇది హార్డ్ డిస్కుల అలవాటుతో వచ్చిన మాట. డిస్కులో పార్టిషన్ టేబులు ఆ డిస్కు మీదే ఉంటుంది, కెర్నెల్ చదువుకుంటుంది. బోర్డు మీద అతికించిన ఎస్‌పీఐ నార్ చిప్పులో మామూలుగా అలాంటిదేం ఉండదండీ. 16 ఎంబీ పొలం, గట్లు లేవు. గట్టెక్కడో బయటినుంచి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఒకప్పుడు బోర్డు ఫైల్లో సీ కోడుగా రాసేవాళ్ళు. 2011లో ఏఆర్ఎమ్ కోడు గందరగోళం మీద లైనస్ టోర్వాల్డ్స్ మండిపడ్డాక అవి మెల్లగా పోయి డివైస్ ట్రీ వచ్చింది. (పవర్‌పీసీ వాళ్ళు అంతకు ముందునుంచే వాడుతున్నారు లెండి.)

ఇప్పుడు చెప్పండి, ఆ గట్లలో "మన ఏర్పాటు" ఎంత? బూట్‌లోడరు ఎక్కడుండాలో ప్రాసెసరు లోపల కాల్చేసిన కోడు నిర్ణయిస్తుంది. వైఫై కాలిబ్రేషన్ డేటా, మ్యాక్ అడ్రసు ఫ్యాక్టరీలో ఒక్కో పీసుకీ విడిగా ఫలానా ఆఫ్‌సెట్లో రాసి పంపుతారు. దాన్ని నేను మార్చలేను, మీ ఆర్కిటెక్టు గారూ మార్చలేరు. బోర్డు మీద రెసిస్టరెంత హార్డ్‌వేరో అదీ అంతే. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీలో రౌటర్ల డీటీఎస్ ఫైళ్ళు తెరిచి చూడండి. "ఫిక్స్‌డ్-పార్టిషన్స్" కింద లేబుల్, రెగ్, రీడ్-ఓన్లీ అని వరసగా కనిపిస్తాయి.

మరి మన మడికట్టుకున్న వాళ్ళు ఏం చేస్తారు? ఎంటీడీపార్ట్స్ అని బూట్ కమాండ్ లైన్లో తగిలిస్తారు. యూ-బూట్ కాన్ఫిగ్‌లో ఎన్విరాన్‌మెంట్ ఆఫ్‌సెట్ ఇంకోసారి. యూజర్ స్పేసు టూల్సు కోసం ఎఫ్‌డబ్ల్యూ-ఎన్వ్ ఫైల్లో మూడోసారి. ఒకే నిజం మూడు చోట్ల, ముగ్గురు మనుషుల చేతుల్లో. డీటీఎస్‌లోనూ, కమాండ్ లైన్లోనూ రెండూ ఉంటే? కెర్నెల్ మామూలుగా కమాండ్ లైన్ మాటే ముందు వింటుంది. మీరు డీటీఎస్ దిద్దుకుంటూ కూర్చోవచ్చు.

ఇదేదో పుస్తకాల గొడవ అనుకునేరు. నేను చూసిన ఒక ప్రాజెక్టులో (కంపెనీ పేరు వద్దు) ఎన్విరాన్‌మెంటుకి బ్యాకప్ కావాలని ఆ పార్టిషన్ని రెండు ముక్కలు చేశారు, కమాండ్ లైన్లో. దాంతో వెనకున్న నంబర్లన్నీ ఒకటి జరిగాయి. అప్‌గ్రేడ్ స్క్రిప్టు ఇంకో టీముది, అది ఎంటీడీ3 అంటే ఫర్మ్‌వేరే అనుకుంటోంది. ఇప్పుడు ఎంటీడీ3 అంటే కాలిబ్రేషన్ డేటా! స్క్రిప్టు ముందు ఎరేజ్ చేస్తుంది, తర్వాత రాస్తుంది. అంత పెద్ద ఇమేజి ఆ చిన్న పార్టిషన్లో పట్టక రాయడం ఫెయిలైంది. ఎరేజ్ మాత్రం దివ్యంగా అయిపోయింది. ఆ డేటాకి కాపీ లేదు. బాక్సులు బూట్ అవుతున్నాయి, వైఫై మాత్రం పనికిరాదు. కస్టమర్ల ఇళ్ళనుంచి వెనక్కి తెప్పించారు.

ఆ పార్టిషన్ డీటీఎస్‌లో ఉండి, పక్కన రీడ్-ఓన్లీ అన్న ఒక్క మాట ఉండుంటే ఎరేజ్ చెయ్యబోయినప్పుడే కెర్నెల్ కుదరదనేది. స్క్రిప్టు నంబరు బదులు లేబుల్ చూసుకుని ఉన్నా సరిపోయేది.

వాళ్ళ వాదనలో ఒక్క ముక్క ఒప్పుకుంటాను. రూట్ ఫైల్ సిస్టమ్‌కి ఎంత, లాగులకి ఎంత అన్నది నిజంగా మన ఏర్పాటే, రేపు మారుతుంది. నాండ్ ఉంటే దానికి యూబీఐ ఉందిగా. కదలనివి ముందు పెట్టి, మిగతాదంతా ఒకే పెద్ద పార్టిషన్‌గా యూబీఐకి అప్పగించండి, లోపల వాల్యూములు మీ ఇష్టం. డీటీఎస్ ముట్టుకోనక్కర్లేదు.

అన్నట్టు గట్లు ఎరేజ్ బ్లాకు హద్దుల మీదే వెయ్యండి బాబూ. బ్లాకు 64 కేబీ అయితే 100 కేబీ దగ్గర గీత గీసి, ఆ పార్టిషన్ రీడ్-ఓన్లీ అయిపోయిందేంటని కెర్నెల్‌ని తిట్టకండి.

"రీడ్-ఓన్లీ పెడితే రేపు ఓటీఏలో బూట్‌లోడర్ని ఎలా మారుస్తాం?" అని అడుగుతారు. ఆ ఒక్క రిలీజుకి వేరే డీటీబీ ఇవ్వండి, దాని మీద నలుగురి చేత సంతకాలు పెట్టించండి.