ఇల్లూ వాకిలీ: కదిలే బండ, పగిలే సందు

షోలాపురం నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పెరట్లో శాబాదు బండలు పరిపించి ఏడాది కాలేదట. సందుల్లో పెట్టిన సిమెంటు అప్పుడే పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోతున్నదట. వాన వెలిసాక బండమీద అడుగు వేస్తే సందులోంచి బురదనీళ్ళు చిమ్ముతున్నవట. “మా అత్తగారికి డెబ్భై యేళ్ళు. తెల్లవారుజామున తులసికోట దగ్గరికి ఆ బండలమీదుగానే వెడతారు. మళ్ళీ సిమెంటే పెట్టించమంటారా, వేరే ఏదైనా ఉన్నదా?” అని అడిగారు.

ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని మా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఇంట్లో పెళ్ళి పెట్టుకుని, పని త్వరగా ముగించమని మేస్త్రీని తొందరపెట్టిన వాణ్ణి నేనే. సందులకు సరిగా నీళ్ళు పట్టనివ్వలేదు. ఆరు నెలలకు సందులు విచ్చాయి. వాననీళ్ళు దిగి బండ కింది ఇసుకను కోసేశాయి. ఒక మూల బండ ఊగసాగింది. రేపు చేయిద్దాం, ఎల్లుండి చేయిద్దాం అనుకుంటూండగానే మా అమ్మ దానిమీద కాలు మోపి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆ తరువాత చేతికర్ర లేకుండా ఆవిడ నడిచింది లేదు. కనుక ఈ నెల శీర్షిక యావత్తూ ఆ మూడు నూళ్ళ సందుకే కేటాయిస్తున్నాను.

నూలు అంటే మన పనివాళ్ళ లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. మరాఠీ మేస్త్రీలు దాన్నే సూత్ అంటారు. నూలన్నా సూత్ అన్నా దారమే కదా! మగ్గాల ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా రాయి సంగతి. శాబాదు బండ కలబురిగి జిల్లాది, తాండూరు బండ వికారాబాదు జిల్లాది. బేతంచెర్ల బండ ఇప్పటి నంద్యాల జిల్లాది. మద్రాసులోనూ బెంగుళూరులోనూ ‘కడప కల్లు’ అని అడిగితే మన కడప నల్లబండే ఇస్తారు. (అక్కడ కల్లంటే రాయే సుమండీ!) ఇవన్నీ సున్నపురాళ్ళు. పులుపు తగిలితే కరిగే జాతి. సందుల్లో పని అయిన తరువాత బండలమీది సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడుగుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. సిమెంటుతో పాటు రాయి పైపొర కూడా నురుగై పోతుంది. చింతపండుతో ఇత్తడి సామాను తోమేటప్పుడు కూడా ఆ పులుసు బండమీద నిలవనివ్వకూడదు. నల్లబండమీద తెల్లటి మచ్చలు పడతాయి.

ఇక అసలు విషయం. సందులో ఏమి పెట్టాలన్నది సందును చూసి నిర్ణయించేది కాదు, బండ కింద ఏమున్నదో చూసి నిర్ణయించేది. ఒక బండ అంచు ఎత్తించి చూడండి. కింద ఇసుకో మట్టో ఉంటే ఆ బండ ఎంతోకొంత కదులుతూనే ఉంటుంది. కదిలే వాటి మధ్య కదలని సిమెంటు పెడితే అది పగలక ఏమి చేస్తుంది? కింద కంకర సిమెంటు వేసి, దానిమీద నిండుగా మాలు పరిచి బండను కూర్చోబెట్టి ఉంటేనే సందులో సిమెంటు నిలుస్తుంది. షోలాపురం సోదరి పెరట్లో బురదనీళ్ళు చిమ్ముతున్నవంటే కింద ఖాళీ ఏర్పడిందన్నమాట. ఎన్నిసార్లు సందులు నింపించినా ఆ డబ్బు నీళ్ళలో పోసినట్టే.

ఇసుకమీద పరిచిన బండలకు సందులు సన్నగా, ఒకటి రెండు నూళ్ళు మాత్రమే ఉంచి, బాగా ఎండిన సన్న ఇసుకను చీపురుతో ఊడ్చి నింపాలి. మొదటి వానకు అది కుంగుతుంది. మళ్ళీ నింపాలి. చీమలు పుట్టలు పెడతాయి, గరిక మొలుస్తుంది. ఏటా ఆ సేవ తప్పదు. కాని బండ కదిలినా పగిలేదేమీ ఉండదు. జిగురుపొడి కలిపిన ఇసుక సంచుల్లో దొరుకుతున్నది. నింపి సన్నగా నీళ్ళు చల్లితే గట్టిపడుతుంది. నింపే రోజు బండలూ సందులూ పొడిగా ఉండాలి. బండమీద మిగిలిన పొడిని నీళ్ళు చల్లకముందే పూర్తిగా ఊడ్చెయ్యకపోతే తెల్లటి పొర కట్టుకుంటుంది. ఎప్పుడూ తడిగా ఉండే కొళాయి దగ్గరికి ఇది పనికిరాదు.

మన పెద్దల పద్ధతి గానుగ సున్నం. సున్నంలో ఇటుకపొడి కలిపి గానుగలో నూరేవారు. తమిళనాడులో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కూడా పోసేవారు. సున్నం సిమెంటంత బిరుసుగా ఉండదు. కాస్త కదలికను ఓర్చుకుంటుంది. వెంట్రుకవాసి పగుళ్ళు తడి తగిలినప్పుడు తామే పూడుకోవడం కూడా కద్దు. పాత ఇళ్ళ బండలకు ఇదే తగినది. అయితే ఆరడానికి చాలా రోజులు పడుతుంది. తెలిసిన చెయ్యి కావాలి.

కింద గట్టి పునాది ఉన్నచోట సిమెంటు మాలు చాలు. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక. సముద్రపుటొడ్డు ఇసుక వద్దు. దానిలోని ఉప్పు తెల్లగా పైకి ఉబుకుతుంది. ‘బలంగా ఉంటుంద’ని ఉత్త సిమెంటు పాలు పోయించేవారున్నారు. ఇసుక లేని సిమెంటు ఆరుతూ బాగా ముడుచుకుంటుంది. అంచుల్లో విచ్చుకునేది అందుకే. అంట్లు తోమే చోట, నూనె పడే చోట ఎపాక్సీ పెట్టించవచ్చు. ధర ఎక్కువ. కొద్దికొద్దిగా కలిపి, బండమీద పడ్డది అప్పటికప్పుడే తుడవాలి. గట్టిపడిన తరువాత అది మాట వినదు.

పని తీరు చెబుతాను. ముందు తాపీ పిడితో ప్రతి బండనూ తట్టండి. బోలుగా మోగినదాన్నీ, ఊగేదాన్నీ ఎత్తి, కింద నిండుగా మాలు వేసి మళ్ళీ కూర్చోబెట్టాలి. వాటం ఇంటి గోడనుంచి బయటకు ఉన్నదో లేదో రసమట్టంతో చూడాలి. 80 అడుగులకు 1 అడుగు లెక్కన, అంటే 10 అడుగులకు అంగుళంన్నర పల్లం చాలు. పాత సిమెంటును కనీసం అంగుళం లోతు గీకి, దుమ్ము ఊడ్చి, సందును తడపాలి. తడవాలే గాని నీళ్ళు నిలవకూడదు. మూడు నూళ్ళ సందు, అనగా సుమారు 10 మిల్లీమీటర్లు, సరిగ్గా ఉంటుంది. అంతకన్న బాగా ఇరుకైతే మాలు అడుక్కు దిగదు. మాలు పిడికిట పట్టితే ముద్దై నిలిచి, చేతికి నీరు అంటనంత పొడిగా ఉండాలి. సన్నటి కరణెతో కూరి కూరి నింపి, చివర కాస్త లోపలికి నొక్కి నునుపు చెయ్యాలి. అరగంటలో వాడగలిగినంతే కలపండి. బిగిసినదానిలో మళ్ళీ నీళ్ళు పోసి వాడనివ్వకండి. సిమెంటూ సున్నమూ చర్మాన్ని కొరుకుతాయి. వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

బండలు గోడను తాకే చోట మాత్రం సిమెంటు పెట్టవద్దు. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో 20 అడుగుల బండపరుపు ఒక మిల్లీమీటరు పైచిలుకు సాగుతుంది. గోడవెంట మూడు నూళ్ళు వదిలి, గొట్టాల్లో వచ్చే సాగే సీలెంటుతో మూయించండి.

తరువాత ఏడు రోజులు తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి. నేను తప్పింది సరిగ్గా ఇక్కడే.

ఖర్చు చూద్దామా? 12 అడుగులు, 10 అడుగుల పెరడు, 2 అడుగుల చదరపు బండలు 30. మధ్య సందుల పొడవు 98 అడుగులు. మూడు నూళ్ళ వెడల్పు, అంగుళం పైచిలుకు లోతుకు మాలు సుమారు 9 లీటర్లు. దానికి సిమెంటు 5 కిలోలు, అనగా బస్తాలో పదో వంతు. ఇంతోటిదానికా మేము తొందరపడింది!

కనుక అమ్మా, సందుల మాట తరువాత. ముందు ఆ ఊగే బండలు ఎత్తించండి. అంతవరకూ తులసికోటకు వేరే దారి చూపండి, లేదా మీ అత్తగారి చెయ్యి పట్టుకుని మీరే తీసుకువెళ్ళండి. వచ్చే వానాకాలం తరువాత ఎలా ఉన్నదీ వ్రాయండి.