ముద్ర కాదు, కొనేవాడు కావాలి

సంపాదకులకు,

సేంద్రియ, ఫెయిర్ ట్రేడ్ ముద్ర ఉంటే కోకో రైతుకు ధర దానంతటదే వస్తుందనీ, విదర్భ రైతులూ ఆ పంట వేయాలనీ మీ ఆదివారం వ్యాసం చెప్పింది. రెండూ తప్పే.

మా చంద్రపూర్‌లో మే ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. కోకోకు నీడ, తేమ, ఏడాదంతా తడి కావాలి. వేసవికి నెర్రెలిచ్చే మా నల్లరేగడిలో అది బతకదు.

ఇక ధర. మా అక్కావాళ్లది ఆంధ్రప్రదేశ్‌లో, ద్వారకా తిరుమల దగ్గర, కొబ్బరి కింద కోకో తోట. కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో ఉన్న గింజలను బుట్టలో పోసి, అరటాకులు కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ ఐదారు రోజులు పులియబెడతారు. ఆపైన ఎండబెట్టాలి. ఇంత చేశాక 2025లో ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. కంపెనీలు 450, ప్రభుత్వం 50 కలిపి కిలోకు 500 రూపాయలని చివరికి ప్రభుత్వమే తేల్చాల్సి వచ్చింది. ముద్ర లేక కాదు ఈ గతి, గింజ కొనే సొంత సంఘం లేక.

కర్ణాటక, కేరళ రైతులకు 1973 నుంచీ క్యాంప్కో ఉంది. ప్రైవేటు కొనుగోళ్లు తగ్గినప్పుడు ఆ సహకార సంఘమే కోకో కొంది, 1986లో పుత్తూరులో చాక్లెట్ ఫ్యాక్టరీ పెట్టింది. మీ వ్యాసంలో దాని పేరే లేదు!

కలిసి అమ్ముకునే దారి విదర్భలోనూ ఉంది. మా జిల్లాలోనే పాచ్‌గావ్ గ్రామసభ 2012లో అటవీ హక్కు పొంది, వెదురు తానే అమ్ముకుంటోంది. దయచేసి ఆ ఊరికి మీ విలేకరిని పంపండి.

— ఒక పత్తి రైతు, రాజురా, చంద్రపూర్ జిల్లా