పొరుగు రాష్ట్రపు కారు, బీమా లేని ప్రమాదము

హైదరాబాదు నుండి బెంగుళూరునకు బోవు 44వ జాతీయ రహదారి శంషాబాదు దాటిన పిదప మన కొత్తూరు మీదుగా సాగుచున్నది. కర్నూలు, అనంతపురము, బెంగుళూరు బండ్లు దీనిపై రేయింబవళ్లు నడచుచుండును. 2008లో తెరవబడిన విమానాశ్రయమునకు దక్షిణము నుండి పోవు కార్లును ఈ దారినే వచ్చును. కార్ఖానాల కూలీలును, ఇన్ముల్‌నర్వ జహంగీర్ పీర్ దర్గాకు వచ్చు యాత్రికులును, బడిపిల్లలును ఈ రహదారి ప్రక్కనే నడువవలసియున్నది. 2014 జూన్ 2వ తేదీకి ముందు కర్నూలు బండి మన రాష్ట్రపు బండియే; నేడది పొరుగు రాష్ట్రపుది. తగిలిన దెబ్బలో మాత్రము భేదమేమియు లేదు.

"పై రాష్ట్రపు బండి గుద్దిన యెడల వ్యాజ్యము నడపుట మన తరము గాదు; బెంగుళూరు కోర్టుల చుట్టు దిరుగవలెను; ఇచ్చినంత పుచ్చుకొని ఊరకుండుటయే మేలు" అను మాట జనులలో గలదు. ఈ మాట యసత్యము. బీదలకు మిక్కిలి హానికరము గూడ.

మన తెలుగువారు పెక్కుమంది నివసించు అమెరికా దేశమున కారు బీమా చట్టము రాష్ట్రమునకొక తీరుగ నుండును. న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున సాధారణముగా బీమా తప్పనిసరియే కాదు. మన దేశమున నట్లు గాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము అన్ని రాష్ట్రములకు నొక్కటే. దానికి 1994లో జరిగిన సవరణ వలన బాధితుడు ప్రమాదము జరిగిన చోటనైనను, తాను నివసించు చోటనైనను, ప్రతివాది నివసించు చోటనైనను నష్టపరిహారపు ట్రిబ్యునలునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఎన్నిక బాధితునిదే. కొత్తూరువాడు అనంతపురము వద్ద గాయపడినను తన జిల్లాలోనే న్యాయము నడుగవచ్చును.

ఇక బీమా సంగతి. ఈ చట్టపు 146వ సెక్షను ప్రకారము థర్డ్ పార్టీ బీమా లేని బండిని రహదారిపై నడుపుటయు, ఇతరులచే నడిపించుటయు నేరము. దీనికి శిక్ష మొదటి మాఱు మూడు నెలల వరకు ఖైదు, లేదా 2,000 రూపాయల జుల్మానా, లేదా రెండును. 1000 సీసీకి మించి 1500 సీసీ వరకు గల సొంత కారునకు 2022 జూన్ 1 నుండి అమలైన ధరల ప్రకారము ఏడాది బీమా 3,416 రూపాయలు. అనగా జుల్మానా బీమా కంటె చవుక! ఇట్టి లెక్క చూచి బీమా మానుకొనువారు లేకపోరు. ఈ లోపము శాసనకర్తలు దిద్దవలసినది.

అయితే వారు చూడని లెక్క యొకటి కలదు. నెలకు 15,000 రూపాయలు సంపాదించు 34 ఏండ్ల కార్మికుడు కారు క్రింద బడి మరణించెననుకొందము. భార్య, ఇద్దరు బిడ్డలు, తల్లి అతనిపై నాధారపడినవారు. సుప్రీము కోర్టు 2009, 2017 తీర్పులలో నేర్పఱచిన పద్ధతిని భవిష్యత్తు పెరుగుదలకు నూటికి 40 వంతులు కలిపిన 21,000 అగును. అతని స్వంత ఖర్చునకు నాలుగవ వంతు తీసివేసిన 15,750. ఏడాదికి 1,89,000. ఆ వయస్సునకు దానిని 16 చేత గుణింపవలెను. మొత్తము 30,24,000 రూపాయలు. అంత్యక్రియలు మున్నగువాని సొమ్మును, వడ్డియు దీనికి వేఱు. బీమా యున్నయెడల కంపెనీ చెల్లించును. లేనియెడల యజమాని తన ఇల్లు, పొలము అమ్మి చెల్లింపవలెను. కారును స్నేహితునికి ఎరువిచ్చితినన్న మాట చెల్లదు. కారు అమ్మితిని, పేరు మాత్రము మార్పించలేదన్నను చెల్లదు. రిజిస్టరులో నెవ్వని పేరున్నదో వాడే యజమాని యని 2018లో సుప్రీము కోర్టు తీర్చినది. నిర్లక్ష్యముగ నడిపి ప్రాణము దీసినవానికి ఐదేండ్ల వరకు ఖైదు గూడ కలుగవచ్చును.

తీర్పు సొమ్మును భూమి శిస్తు బకాయి వలె కలెక్టరు ద్వారా వసూలు చేయవచ్చును. యజమాని ఆస్తి పై రాష్ట్రముననున్నను, ఒక కలెక్టరు మఱియొక కలెక్టరునకు సర్టిఫికెట్టు పంపుటకు 1890 నాటి చట్టమే వీలు గల్పించినది. కాని యజమానికి ఆస్తియే లేనిచో? అప్పుడా తీర్పు కాగితమై మిగులును. బాధితుని చేతికందు నొకేయొక్క ఆస్తి ఆ కారే. అందుచేతనే 2018 సెప్టెంబరులో సుప్రీము కోర్టు, బీమా లేని బండి ప్రమాదము చేసినచో యజమాని తగిన హామీ యిచ్చువఱకు దానిని విడువరాదనియు, మూడు నెలలలో హామీ రానిచో వేలము వేసి ఆ సొమ్మును ట్రిబ్యునలులో జమ చేయవలెననియు నిబంధన విధింపుమని రాష్ట్రముల నాదేశించినది. ఈ సంగతి యెఱుగక రహదారి ప్రక్కననే పదివేలకో ఇరువదివేలకో రాజీపడి బండిని సాగనంపిన కుటుంబము తన పూచీకత్తును తానే పోగొట్టుకొన్నట్లు. కారు తుంగభద్ర దాటిన పిదప ఎవ్వరేమి చేయగలరు?

కావున ప్రమాదస్థలమున ముందు గాయపడినవానిని ఆసుపత్రికి జేర్చి, వెంటనే బండి నంబరు వ్రాసికొనవలెను. బండి జాడ తెలియనిచో చట్టము మరణమునకు రెండు లక్షలు, తీవ్ర గాయమునకు ఏబదివేలు మాత్రమే యిచ్చుచున్నది. 2025 మే నెలలో వెలువడిన పథకము ప్రకారము ఏడు రోజుల వఱకు, లక్షయేబదివేల రూపాయలకు మించకుండ చికిత్స ఉచితము. ఇది మంచిదే, చాలినది గాదు. ఇంగ్లండులో 1930లో బీమా నిర్బంధమైనది. 1946లో బీమా లేనివారి వలన నష్టపడినవారికి చెల్లించుటకై కంపెనీలు కలిసి సంస్థ నొకదానిని స్థాపించినవి. ఇచటను తీర్పు సొమ్మును ముందు బాధితునికి చెల్లించి, పిదప యజమాని వద్ద రాబట్టు నిధి యుండవలెనని నా యభిప్రాయము.

విద్యార్థులారా, ఈ సాయంకాలము మీ యింటి మోటారు సైకిలు కాగితములను ఒకమాఱు చూడుడు. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు ఐదేండ్ల బీమా ఒక్కమాఱే కట్టించుకొనుచున్నారు. ఆ ఐదేండ్లు గడచిన సంగతి నింటిలో నెవ్వరును గమనించి యుండకపోవచ్చును.