కూర్చుంటే తప్పేమిటండీ?

వచ్చే ఆదివారం నేను పరుగుపందెంలో పాల్గొంటున్నాను. నవ్వకండి. యాభై ఒకటో ఏట, ఇద్దరు పిల్లల తల్లిని, ఒక కోడలికి అత్తగారిని, మా విశాఖపట్నం బీచి రోడ్డు మీద హాఫ్ మారథాన్ పరుగెత్తబోతున్నాను. హాఫ్ అంటే సగమే కదా అని తేలిగ్గా తీసిపారెయ్యకండి. ఆ సగమే 21 కిలోమీటర్లు, పైన 97 మీటర్ల చిల్లర.

నాలుగేళ్ళ కిందట డాక్టరుగారు, "షుగరు అంచుల్లో ఉందమ్మా, నడవాలి" అన్నారు. నడిచాను. నడక కాస్తా ఎప్పుడు పరుగైందో నాకే తెలీదు. ఈ నాలుగు నెలల్నించీ తెల్లారగట్ల నాలుగున్నరకే లేచి, చుడీదారూ బూట్లూ తగిలించుకుని బయల్దేరుతున్నాను. మొన్నటి ఆదివారానికి ముందు ఆదివారం, ఆర్.కె. బీచి దగ్గర మొదలెట్టి, జలాంతర్గామి మ్యూజియం దాటి, తెన్నేటి పార్కు ఎత్తెక్కి, సాగర్ నగర్ దాకా వెళ్ళి తిరిగొచ్చాను. పదహారు కిలోమీటర్లు! ఇంటికొచ్చి పిక్కలు పట్టుకుని కూలబడి, మళ్ళీ లేచి ఉప్మా చేశాను.

దీనికి మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదండోయ్. మావారైతే ఆఫీసులో అందరికీ చెప్పుకుని మురిసిపోయారు. నా పేచీ అంతా ఈ చివరి వారంతోనే వచ్చింది.

దూరప్పరుగులో ఒక నియమం ఉంది. పందేనికి రెండు వారాల ముందునుంచీ పరుగు తగ్గించెయ్యాలి. ఆఖరి వారంలో రెండు మూడుసార్లు తేలిగ్గా నాలుగైదు కిలోమీటర్లు, అంతే. మిగిలిన రోజులు బాగా తినాలి, బాగా నిద్రపోవాలి, కాళ్ళకి పని చెప్పకూడదు. అలిసిన కండరాలు బాగుపడేదీ, ఒంట్లో శక్తి నిలవపడేదీ అప్పుడే. ఆ వారంలో కొత్తగా కష్టపడి సంపాదించేదేమీ ఉండదు, ఉన్నది పోగొట్టుకోవడం తప్ప.

మన భాషలో చెప్పాలంటే ఇడ్లీపిండి లాంటిదన్నమాట. పిండి రుబ్బడం ఎంత ముఖ్యమో, రాత్రంతా కదపకుండా ఉంచడమూ అంతే ముఖ్యం. రుబ్బిన వెంటనే ఇడ్లీలు వేస్తే అవి గోడకి కొట్టినా విరగవు. ఈ సంగతి మనకెవరైనా చెప్పాలా? పిండికిచ్చిన ఆ రాత్రిని మనకి మనం ఇచ్చుకోం, అంతే తేడా.

సోమవారం పరుగు లేదు కనక ఆరింటిదాకా పడుకుందామనుకున్నాను. ఐదున్నరకే మావారు నెమ్మదిగా, "ఇవ్వాళ నీకు పరుగు లేదుగా, పెసరట్లు వెయ్యకూడదూ?" అన్నారు. పాపం, ఆయన అనడంలో తప్పేమీ లేదు. ఒక గంట మిగిలింది, ఆ గంట పెసరట్లకి చెందుతుందని ఆయన లెక్క. మిగిలిన గంట నాదే అయుంటుందన్న అనుమానం ఆయనకి రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు. లేచి పెసలు రుబ్బాను.

మధ్యాహ్నం వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చేతిలో పుస్తకం కూడా లేదు. పది నిమిషాలు కాలేదు, పనిమనిషి వచ్చి, "ఒంట్లో బాగోలేదా అమ్మా?" అంది. పక్కింటి పిన్నిగారు గేటు దగ్గర్నించే చూసి, "ఖాళీగానే ఉన్నారుగా, ఈ కార్తీకమాసం వత్తులు కాస్త చేసి పెడుదురూ" అని దూది పొట్లం నా ఒళ్ళో పెట్టి వెళ్ళారు. సాయంత్రం మా ఆడపడుచు ఫోను. "వదినా, ఈ వారం నువ్వు పరుగెత్తడం లేదుటగా. శుక్రవారం మేమంతా వచ్చి రెండ్రోజులుంటాం!"

చూశారా? నాలుగు నెలలపాటు నేను పరుగెత్తుతూంటే నా జోలికి ఎవరూ రాలేదు. కూర్చున్నానో లేదో, ముగ్గురు వచ్చి మూడు పనులు చెప్పారు. పరుగెత్తే గంట ఎందుకు దక్కిందంటారా? ఆ గంటలో నేను ఇంట్లో లేను కాబట్టి! ఇంట్లో ఉన్న ఆడదాని చేతులు ఖాళీగా కనిపిస్తే, అవి పని కోసం ఎదురుచూస్తున్నాయని అందరూ అనుకుంటారు.

ఈ మాట నేను కోపంలో అంటున్నది కాదు. 2019లో మన ప్రభుత్వంవారే, దేశంలో జనం రోజంతా కాలం ఎలా గడుపుతున్నారో లెక్కలు తీశారు. జీతం లేని ఇంటిపనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారట. ఆ 97 నిమిషాలైనా చేసే మగవాళ్ళు నూటికి 26 మందే. మరి మిక్సీలూ గ్రైండర్లూ బట్టలుతికే మెషిన్లూ వచ్చేశాయిగా, ఇంకా పనేమిటంటారు కొందరు. మెషిన్ తిరుగుతూ ఉంటే దాని ముందు కూర్చుని కాలు మీద కాలేసుకున్న ఇల్లాల్ని ఎక్కడైనా చూశారా? అది తిరిగినంతసేపూ మనం ఇంకో పనిలో తిరుగుతూ ఉంటాం.

ఇంకో ముచ్చట చెప్తాను. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. పరుగయ్యాక వాళ్ళు అలిసిపోయి కనిపించారని పత్రికలు గోల చేస్తే, ఆ పందేన్నే తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. మగవాళ్ళకి 1896 నుంచీ ఉన్న మారథాన్, ఆడవాళ్ళకి 1984లోగాని దక్కలేదు. 800 మీటర్లు పరుగెత్తితే సుకుమారి తట్టుకోలేదని బెంగపెట్టుకున్న పెద్దలు, నిండు బిందెలు మోస్తే తట్టుకోలేదని ఎప్పుడూ బెంగపడలేదు. ఇప్పుడు మనం పరుగెత్తగలమని ఒప్పుకున్నారు, సంతోషం. పరుగెత్తగలిగినదానికి అలుపెందుకొస్తుందని మళ్ళీ కొత్త వాదన!

"పరుగెత్తమని నిన్నెవరన్నారు? మానేస్తే బోలెడు విశ్రాంతి" అని కూడా అన్నారు మా బంధువొకాయన. బాబూ, నేను మానేస్తే ఆ గంట విశ్రాంతికి రాదు, పెసరట్లకే వస్తుంది. పోనీ ఒక్క మాట అడుగుతాను. మావాడి ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకి ముందు ఏడాదంతా ఈ ఇంట్లో టీవీ మోగలేదు. గిన్నె చప్పుడైతే నేనే నోరు నొక్కుకునేదాన్ని. చుట్టాలొస్తామంటే పరీక్షలయ్యాక రండన్నాం. ఎవరూ ఏమీ అనుకోలేదు. తల్లికి పరీక్ష అయితే మాత్రం చుట్టాలకి సెలవులు కలిసొచ్చాయా?

మంగళవారం మా అత్తగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిది. ఏదో అంటారని బిగుసుకున్నాను. ఆవిడ నా కాళ్ళకేసి చూసి, "మా రోజుల్లో కూర్చోడానికి మూడే దార్లుండేవే. పురుడొస్తే, జ్వరమొస్తే, బయటుంటే. జ్వరం కూడా నూటరెండు దాటాలి" అన్నారు. కాసేపాగి, గొంతు తగ్గించి, "ఒక్కోసారి మరీ నడుం విరిగిపోతూంటే, బయట చేరకపోయినా చేరానని చెప్పేసేదాన్ని" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆ తరవాత ఏడుపొచ్చింది. అంటరానిదానివని మూల కూర్చోబెడితే, ఆ అవమానాన్ని కూడా సెలవుగా వాడుకోవలసొచ్చిందన్నమాట ఒక మనిషికి!

మరి నేనేం తక్కువ తిన్నాను? కిందటి వేసవిలో మా కోడలు నెలరోజులు ఇక్కడ ఉంది. రాత్రి పదకొండింటిదాకా కంప్యూటరు ముందు ఆఫీసు పని. ఓ రోజు మధ్యాహ్నం కాస్త నడుం వాల్చింది. ఇదే వరండాలో నిలబడి ఇదే పిన్నిగారితో, "ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడిదండీ" అన్నాను. ఆ పిల్ల వినే ఉంటుంది. మర్నాటి నుంచీ పగలు పడుకోలేదు. మగవాళ్ళ మీద రాయడానికి కలం పట్టుకున్నాను గానీ, ఈ కాపలా కాసేవాళ్ళలో సగంమందిమి మనమే.

మా ఆడపడుచుకి ఫోను చేసి, పందెం అయ్యాక రమ్మన్నాను. కొంచెం ముభావంగానే "సరేలే" అంది. పిన్నిగారి దూది పిన్నిగారికిచ్చేశాను. కోడలికి ఫోను చేసి, ఆనాటి మాటకి క్షమించమన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత, "ఆదివారం మేం వస్తున్నాం అత్తయ్యా, వంట మాది" అంది.

ఆదివారం నేను ఎన్నోదాన్నిగా వస్తానో తెలీదు. మూడు గంటల్లో గమ్యం చేరితే చాలు నాకు. మీరు పరుగెత్తకపోయినా ఫర్వాలేదు. మీ ఇంట్లో కూతురో, కోడలో, మీ అత్తగారో పగటిపూట ఊరికే కూర్చుని కనిపిస్తే మాత్రం "ఒంట్లో బాగోలేదా?" అని అడక్కండి. ఆ చేతుల్లో చిక్కుడుకాయలు పెట్టకండి. తలుపు దగ్గరగా వేసి, చప్పుడు చెయ్యకుండా అవతలికెళ్ళండి.