కొత్త టైర్లు వేశాక బండి వణికితే "అదే సర్దుకుంటుందిలే" అంటే నమ్మకండి

రైతన్నలారా, పంట డబ్బు చేతికొచ్చాక పికప్ బండికి కొత్త టైర్లు వేయిస్తాం. వేలకి వేలు పోస్తాం. తీరా రోడ్డెక్కి స్పీడు 70 దాటగానే స్టీరింగ్ గడగడా వణుకుతుంది. షాపులో అడిగితే "కొత్తవి కదన్నా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటాయి" అంటారు. చాలా రోజులు కదలకుండా ఉన్న టైరుకి అడుగు చదునైతే కాసేపు నడిచాక పోతుంది, నిజమే. కానీ చక్రం ఒక పక్క బరువుగా ఉంటే వెయ్యి కిలోమీటర్లు తిరిగినా ఆ బరువు అక్కడే ఉంటుంది.

మనలో చాలామంది అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒక అంచునే అరుగుతున్నా అలైన్‌మెంట్ చూపించాలి. స్పీడులో వణుకుతుంటే ముందు చూడాల్సింది బ్యాలెన్సింగ్. చక్రాన్ని మిషన్ మీద తిప్పి, ఎక్కడ తేలికగా ఉందో చూసి అక్కడ చిన్న బరువు బిళ్ళలు బిగిస్తారు. అంతే పని.

వణుకు ఎక్కడ తెలుస్తుందో గమనించండి. స్టీరింగ్‌లో తెలిస్తే ఎక్కువగా ముందు చక్రాలే. సీటు కింద, ఫ్లోర్‌లో తెలిస్తే వెనకవి. బ్రేకు తొక్కినప్పుడే వణికితే టైర్లని కాదు, బ్రేకు డిస్కుల్ని, డ్రమ్ముల్ని చూపించుకోవాలి.

షాపులో దగ్గరుండి చూసుకోవాల్సినవి ఇవీ. రిమ్ము లోపల ఎండిన బురద గీకించాలి. మన నల్లరేగడి దారుల్లో తిరిగే బండికి బురద గడ్డ ఒక్కటి చాలు బ్యాలెన్స్ చెడడానికి. పాత బిళ్ళలు తీసేశాకే కొత్తవి కొట్టాలి. రిమ్ము అంచు పక్కన టైరు మీద సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. లేదంటే టైరు సరిగ్గా కూర్చోలేదన్నమాట. మిషన్ మీద తిరిగేటప్పుడు రిమ్ము ఊగితే వంగిందని అర్థం, దానికి ఎన్ని బిళ్ళలు కొట్టినా ఉపయోగం లేదు. నట్లు వరసగా కాకుండా ఎదురెదురువి బిగించాలి. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా వణుకు పోకపోతే టైరులోనే లోపం ఉండొచ్చు. బిల్లు పట్టుకుని వెళ్ళి మార్చమని గట్టిగా అడగండి.

అసలు తప్పు షాపువాళ్ళది ఒక్కటే కాదు. టైరు రేటులో వంద తగ్గించమని అరగంట బేరమాడతాం. బ్యాలెన్సింగ్ అనేసరికి "ఊళ్ళో తిరిగే బండేగా, ఎందుకులే" అంటాం. ఆ ఊళ్ళో తిరిగే బండే అర్ధరాత్రి మిర్చి బస్తాలతో గుంటూరు యార్డుకి హైవే మీద పోతుంది. లోడు మీద, నిద్రమత్తులో, వణికే స్టీరింగ్ పట్టుకునేది మన పిల్లలే. వణుకు అలాగే వదిలేస్తే కొత్త టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతుంది, బేరింగులు, స్టీరింగ్ జాయింట్లు ముందే పోతాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే ఇది.

అందుకే ఇకనుంచి బేరం ఇలా ఆడదాం: "బ్యాలెన్సింగ్‌తో కలిపి నాలుగు టైర్లకీ ఎంత?" బిగించాక హైవే మీద నడిపి చూసి, వణుకు లేదని తేలాకే మిగతా డబ్బు ఇద్దాం. ఏమంటారు?