రగ్బీ క్రీడకు వలయు సన్నాహము

1878వ సంవత్సరమున కలకత్తాలోని ఆంగ్లేయులు తమ రగ్బీ సంఘమును మూసివేసిరి. బ్యాంకిలో మిగిలిన వెండి రూపాయలను కరగించి, మూతపై ఏనుగును, పిడులుగా నాగుబాములను దిద్దించి యొక పాత్రను చేయించి, స్వదేశమునకు కానుకగా నంపిరి. ఇంగ్లాండు, స్కాట్లండు జట్లు 1879 నుండి ఆ ‘కలకత్తా కప్పు’ కొఱకు పోరాడుచున్నవి. వెండి మనది, పనితనము మనది. ఆట మాత్రము వారిదిగా నుండెను.

నేడా స్థితి మాఱుచున్నది. 2007లో భువనేశ్వరమునందలి కళింగ సామాజిక శాస్త్ర సంస్థలో చదువుకొను గిరిజన బాలురు లండను నగరమున జరిగిన పాఠశాలల అంతర్జాతీయపు పోటీలో గెలుపొందిరి. పదునైదుగురి ఆటలో 2018న అంతర్జాతీయ రంగమున నడుగిడిన మన స్త్రీల జట్టు, మఱుసటి యేడే మనీలాలో సింగపూరును 21-19 తేడాతో ఓడించి తొలి విజయమును గైకొనెను. ఏడుగురి ఆటలో 2022న జకార్తాయందు ఆసియా ట్రోఫీలో రజతము, 2025 ఆగష్టున బీహారులోని రాజగిరియందు ఇరువదేండ్లలోపు బాలికలకు కాంస్యము లభించినవి. ఇవి సంతోషింపదగిన వార్తలే. అయినను ఆ ట్రోఫీ ఆసియాలో రెండవ శ్రేణి పోటీ యనియు, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మన స్త్రీలు పతకమునకు చాల దూరమున నిలిచిరనియు మఱవరాదు.

ఇందులకు కారణము మన పిల్లల చేతగానితనము కాదు. వారి వెనుక స్థిరమైన యేర్పాటు లేకుండుటయే కారణమని మేము తలంచుచున్నాము. 2025 జూనులో బొంబాయి నగరమున ఆరు జట్లతో రగ్బీ ప్రీమియరు లీగు జరిగినది. హైదరాబాదు పేరిటను ఒక జట్టు దిగెను. విదేశపు ప్రముఖులతో కలిసి యాడుట మన యువకులకు మేలే. కాని ఫలితములు చూపినది స్త్రీలు; పండుగ జరిగినది పురుషులకు. అదియును పదునైదు దినముల పండుగ. సంవత్సరమంతయు సాగవలసిన కాపురము సంగతి యేమి?

ఔత్సాహిక క్రీడ యను పేరు వినుట కింపుగనే యుండును. ఇంగ్లాండులో 1895న ఉత్తరప్రాంతపు సంఘములు, ఆట కొఱకు పని మానుకొన్న కార్మికునకు పోయిన కూలి నీయవలెనని కోరి, కాదనిపించుకొని, విడిపోయి వేఱు సంఘమును స్థాపించుకొనెను. సరిగా నూరేండ్లకు, 1995లో, ప్రపంచ రగ్బీ పెద్దలు ఆటగాండ్రకు జీతమిచ్చుట కంగీకరించిరి. తిండికి లోటులేని వానికి ఔత్సాహికత యలంకారము. కూలివాని బిడ్డకు అది యడ్డుగోడ. మన జట్టులోనికి పల్లెలనుండి, అడవులనుండి వచ్చు బాలికలను ఉత్తచేతులతో ప్రపంచము పైకి పంపుట న్యాయము గాదు.

ఫిజీ దీవులను చూడుడు. మన తెలుగువారును కూలీలై యోడలెక్కి పోయిన దేశ మది. జనసంఖ్య పదిలక్షలకు లోపు. 2016లో రియో నగరమున ఏడుగురి రగ్బీ ఒలింపిక్కులలో ప్రవేశించినప్పుడు, ఫిజీ పురుషులు తుదిపోటీలో బ్రిటనును 43-7 తేడాతో ఓడించిరి. ఆ దేశమున కదియే మొదటి ఒలింపిక్కు పతకము. ఊరూర బాలురు ఆడుట యెప్పటినుండియో యున్నది. దానికి 2013 నుండి శిక్షకుడు బెన్ రయను క్రమమైన వ్యాయామమును, ఆహారనియమమును జోడించెను. సహజశక్తి, సన్నాహము రెండును కలిసినప్పుడే ఫలము చేకూరినది.

కావున మా సూచన లివి. ఉన్న ధనమును అన్నివైపుల చల్లక మొదట స్త్రీల ఏడుగురి ఆటపై నిలుపవలయును. ఏడేసి నిమిషముల రెండు భాగములు గల యీ యాటలో భారీ దేహముకంటె వేగమును, దమ్మును ముఖ్యము. పట్టి పడవేయు నేర్పు చెడుగుడు ఆడు మన పల్లెలకు క్రొత్త గాదు. రెండవది, నలువదిమంది బాలికలను ఎన్నుకొని నాలుగేండ్లు ఒకచోట నుంచి, చదువును, పుష్టికరమైన భోజనమును, నెలభృతిని, అటుపిమ్మట ఉద్యోగమును చూపవలయును. మూడవది, తమకంటె బలవంతులైన జట్లతో ఏటేట పోటీలు కల్పింపవలయును. ఓటమియు నొక పాఠమే. నాలుగవది, జిల్లా పాఠశాలలలో వ్యాయామోపాధ్యాయులకు శిక్షణ నీయవలయును. 2030 దోహా ఆసియా క్రీడలలో ఏ స్థానము గడింతుమో క్రీడాసంఘము ముందే ప్రకటించి, ఏటేట ప్రజలకు లెక్క చెప్పవలయును.

2036 ఒలింపిక్కు క్రీడలను మన దేశమున జరుపగోరుచున్నట్లు 2024లో అంతర్జాతీయ సంఘమునకు తెలుపబడినది. ఆ గౌరవము మనకు దక్కినచో, రగ్బీలో ఆతిథేయుల జట్టునకు చోటు లభించుట ఇదివఱకటి యాచారము. చోటు దక్కిన మాత్రమున గౌరవము దక్కదు. ఆనాటికి ఇరువదినాలుగేండ్లు నిండు బాలిక 2012లో పుట్టినది. నేడామె యేదో పల్లెబడిలో చదువుచున్నది. ఆమెను వెదకుటకు కాలము మించిపోలేదు, మించకపోదు.

పాఠకులలో భూస్వాములున్నారు, పురప్రముఖులున్నారు. రగ్బీకి కావలసినది ఒక బంతియు, మెత్తని నేలయు. కోతలైన పిమ్మట బీడుపడియుండు నేలలో నాలుగెకరముల చెక్కను ఊరి బడిపిల్లలకు విడుచుట వారికి భారము గాదు. ఆనాడు మన రూపాయలు కరగి పరుల కప్పు అయినవి. ఈనాడు అవి మన బాలికలకు అన్నమును, పాదరక్షలును కావలెనని మా కోరిక.