చెమటలో టాక్సిన్లు పోతాయా?

మెడనొప్పి భరించలేక మొన్న ఒక స్పాకి వెళ్ళాను. మసాజ్ బావుంది, సానా ఇంకా బావుంది. కాదనను. కానీ బయటికొస్తుంటే "మీ ఒంట్లో టాక్సిన్లన్నీ పోయాయి సార్" అన్నారు చూడండీ, అక్కడే ఒళ్ళు మండింది. ఏ టాక్సినో పేరు చెప్పమంటే నవ్వేసి, పది సిట్టింగుల ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు!

చెమటంటే దాదాపుగా నీళ్ళూ ఉప్పూనే. విషాల సంగతి చూసుకోడానికి కాలేయం, మూత్రపిండాలు ఉన్నాయి. సానాలో తగ్గిన అరకిలో, అరలీటరు నీళ్ళు తాగేసరికి తిరిగొచ్చేసింది. లాగ్ చూపించకుండా బగ్ ఫిక్సయిందంటే మనం ఒప్పుకుంటామా?

ఫిన్లండ్ సానా సంస్కృతిని 2020లో యునెస్కో జాబితాలో చేర్చారు. అది వాళ్ళ జీవన విధానమని, డీటాక్స్ అని కాదు.

హాయికి డబ్బులివ్వడానికి నేను రెడీ, అబద్ధానికి కాదు. సోమవారం పదిగంటలు కుర్చీకి అతుక్కోగానే మెడనొప్పి మళ్ళీ హాజరు. గంటకోసారి లేచి నడవడానికి ఏ ప్యాకేజీ కావాలండీ?